కట్టేసిన ఓడ మీద నా రెండో పెళ్ళి

ఫ్రీమాంట్‌లో ఒక ఫంక్షన్ హాలు ఉంది. కారు పెట్టుకోవడానికి పక్క వీధికి పొమ్మంటారు. ఆ హాలు వాడు ఒక పూటకు అడిగిన అద్దెకన్నా తక్కువకు నేను ఏకంగా ఓడను మాట్లాడాను. పడవ కాదండీ, ఓడ. రెండో ప్రపంచ యుద్ధంలో కట్టిన సరుకుల ఓడ. ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకోవాలనిపిస్తుంది. బే ఏరియాలో మనవాళ్ళు ఇళ్ళు కొన్నారు, టెస్లాలు కొన్నారు, ద్రాక్షతోటలు కూడా కొన్నారు. అరవయ్యేళ్ళ వేడుకకు ఓడను, అదీ అడిగిన ధరలో నాలుగో వంతుకు మాట్లాడినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరింటికి భోజనానికి పిలిచినా ఈ సంగతి చెబుతాను. మా ఆవిడ లోపలికి వెళ్ళేదాకా మాత్రం ఆగుతాను. ఎందుకంటే ఆ బేరంలో చిన్న లోటు ఒకటి ఉంది. ఓడ కదలదు.

నేను చేసిన తెలివితక్కువ పనులు చాలా ఉన్నాయి. ఇంత తెలివిగా చేసింది మాత్రం ఇదొక్కటే.

మాది తెనాలిలో ఇనప సామాన్ల కొట్టు. మేకులు, బోల్టులు, గొలుసులు, తాళాలు కిలోల లెక్కన తూచి అమ్మేవాళ్ళం. మా వీధంతా కొట్లే. పక్కది బట్టలు, ఎదురుది పచారీ, మూలది స్టీలు గిన్నెలు. అక్కడ పెరిగిన పిల్లలకు ఎక్కాలకన్నా ముందు ముఖం ఎలా పెట్టుకోవాలో నేర్పుతారు. నచ్చిన వస్తువు వైపు చూడకూడదు. రెండో మాటకే వెనక్కి తిరిగి నడవాలి, మరీ వేగంగా కాదు, పిలిస్తే వినపడేంత దూరమే. సరుకు తూచాక కొసరు అడక్కుండా సంచీ మూతి కట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, అమ్మేవాడు నవ్వుతూ ఒప్పుకుంటుంటే మనకేదో టోపీ పడుతోందని అర్థం, వెంటనే లేచి బయటికి రావాలి. ఇన్ని నేర్చుకుని అమెరికా వచ్చి, ముప్పయ్యేళ్ళుగా కంపెనీలకు సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతికిపెట్టే ఉద్యోగం చేస్తున్నాను. తప్పులు పక్కవాళ్ళవైతే నేను చాలా సమర్థుణ్ణి.

మా మొదటి పెళ్ళి ఖర్చు ఆడపెళ్ళివాళ్ళది. బేరాలు మాత్రం మా నాన్న ఆడాడు. ఖర్చు ఎవరిదైనా సరే, ఎదురుగా ఒక ధర చెబుతుంటే చేతులు కట్టుకు కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. సన్నాయి మేళం వాళ్ళతో తాళి కట్టేదాకా వాయిస్తే చాలని మాట్లాడి మూడో వంతు తగ్గించాడు. నేను మూడో ముడి వేశానో లేదో, డోలు వాయించేవాడు డోలును గుడ్డలో చుట్టేశాడు. మేము తలంబ్రాలు పోసుకుంటుంటే పందిట్లో పళ్ళెం మీద బియ్యం రాలిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎవరో దగ్గారు. ఆ దగ్గు పెళ్ళి క్యాసెట్లో ఇప్పటికీ ఉంది.

మా ఆవిడది విశాఖపట్నం. వాళ్ళ నాన్న రేవులో టాలీ గుమస్తా. అంటే ఓడలోంచి దిగే బస్తాలను గట్టు మీద నిలబడి లెక్కపెట్టే మనిషి. చిన్నప్పుడు ఆయనకు క్యారియర్ పట్టుకెళ్ళి గేటు దగ్గర ఇచ్చి, కంచెకు ముఖం ఆనించి ఓడలను చూసేదట. ఆడపిల్లలను ఓడ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు.

"వచ్చే ఓడలన్నీ చూశాను. పోయే ఓడలూ చూశాను. నేను పైన ఉండగా గట్టు వెనక్కి పోవడం మాత్రం చూడలేదు," అనేది.

నాకు అరవై నిండుతున్నాయనగా షష్టిపూర్తి మాట వచ్చింది. ఆ ముచ్చట్లో భార్యాభర్తలకు మళ్ళీ పెళ్ళి చేస్తారు. ఏం కావాలని అడిగాను. ఆమె ఆలోచించనే లేదు.

"చీర వద్దు. నగ వద్దు. హాలు వద్దు. ఒక్కసారి సరుకుల ఓడ ఎక్కాలి. అది తాళ్ళు విప్పుకుని రేవు వదిలి సముద్రంలోకి పోవాలి. ఇంకోటి, ఈసారి బేరం ఆడొద్దు."

మొదటి మూడు మాటలకూ నేను చాలా సంతోషించాను.

కూపన్ ఉంది కదా అని ముందు క్రూయిజ్ చూపించాను. పది అంతస్తులు, ఈత కొలను, రాత్రీ పగలూ తిండి. ఆమె ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ఇది ఓడ కాదండీ. నీళ్ళ మీద మాల్."

చివరికి ఒక ఆదివారం, బే ఒడ్డున ఒక పాత రేవులో ఆ సరుకుల ఓడ కనపడింది. దాన్ని నడిపేదీ, తుడిచేదీ, రంగు వేసేదీ అందరూ జీతం లేని రిటైరైన మనుషులే. బూడిద రంగు గోడలు, వంకర లేని సాదా నడుము, డెక్ మీద సరుకు ఎత్తే పొడుగాటి ఇనప దూలాలు. మాకు ఓడ చూపించిన పెద్దాయన దాని చరిత్ర చెప్పుకొచ్చాడు. యుద్ధంలో శత్రువు ఓడలను ముంచుతుంటే, ముంచేదానికన్నా వేగంగా కట్టాలని కట్టారట ఇలాంటివాటిని. అందం చూడలేదు, వేగం చూడలేదు. ఒక్కసారి సరుకు అవతలి ఒడ్డుకు చేర్చితే కట్టిన ఖర్చు గిట్టినట్టే, ఆ తర్వాత ఎన్నాళ్ళు తేలినా లాభమేనట.

నా ఒళ్ళు పులకరించింది. నా జీవితంలో విన్న అత్యుత్తమ వ్యాపార ఆలోచన అది. ఒక్క ట్రిప్పుకు సరిపడా కట్టిన వస్తువు ఇన్నేళ్ళు పనిచేయడమంటే, అది కొట్టువాడి కల.

యుద్ధంలో ఆ ఓడ పిండి మోసింది, జీపులు మోసింది, గుండ్లు మోసింది. వాటి మధ్యలో సైనికుల ఉత్తరాలూ మోసింది. యుద్ధం అయ్యాక గోధుమలు మోసింది. ఆ తర్వాత నది ముఖద్వారం దగ్గర వరసగా కట్టేసిన ముసలి ఓడల మధ్య తుప్పు పట్టుకుంటూ ఏళ్ళ తరబడి పడి ఉంది. తుక్కు కింద కొట్టేసే ముందు ఎవరో జాలిపడి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఏడాదిలో కొన్నిసార్లు టిక్కెట్లు అమ్మి, జనాన్ని ఎక్కించుకుని, బే మూతి దగ్గరున్న బ్రిడ్జి కింద నుంచి సముద్రంలోకి వెళ్ళి వస్తుంది.

"మా రేవుకూ ఇలాంటివి గోధుమలు తెచ్చేవి," అంది మా ఆవిడ సరుకు గదిలోకి తొంగి చూస్తూ. "నాన్న గొంతు పోయేదాకా లెక్కపెట్టేవారు."

ఆమె ఇనప గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. నేను పక్కనున్న ఇత్తడి సామాను తుక్కుకు వేస్తే ఎంత వస్తుందో మనసులో తూస్తున్నాను.

ఆ ప్రయాణాలకు మామూలు టిక్కెట్లు కొనుక్కుని ఇద్దరం వెళ్ళి రావచ్చు. అది నాకు తోచలేదు. ధర అచ్చు వేసిన టిక్కెట్టు మీద బేరానికి చోటేదీ? మొత్తం ఓడను ఒక పూటకు అద్దెకు కూడా ఇస్తారని విన్నాను. అక్కడైతే చోటుంది.

లెక్కలు చూసే ట్రెజరర్ డెబ్బై దాటిన ఒక ఆవిడ. ఓడలోనే ఒక చిన్న గదిలో, మెడలో తాడుకు పెన్ను వేలాడేసుకుని కూర్చుంటుంది. అద్దె కింద ఏమేం పడతాయో ఒక్కొక్కటే చదువుతోంది. నేను కేటరింగ్ వాడి మెనూలో రెండో స్వీటు కొట్టేయించినట్టు, ఒక్కొక్కటే కొట్టేయించుకుంటూ పోయాను. మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి కానీ, నా వైపు నుంచి నడిచింది తెనాలి బేరమే.

"ఈ టగ్ బోట్లు దేనికండీ?"

"ఓడను గట్టు నుంచి బయటికి లాగడానికి."

"ఓడకు ఇంజన్ ఉంది కదా?"

"ఉంది."

"ఇంజన్ ఉన్న బండిని తోయడానికి ఎవరైనా మనుషుల్ని పెట్టుకుంటారా?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. పెన్నుతో ఒక గీత గీసింది.

"పైలట్ అన్నారు. పైలట్ ఎవరు?"

"బేలో దారి తెలిసిన మనిషి."

"కెప్టెన్‌కు తెలీదా దారి?"

"తెలుసు."

"మరి?"

ఇంకో గీత.

"రెండు మూడు రోజుల ఆయిలు ఎందుకు? మా ఫంక్షన్ ఒక్క పూటేగా."

"చల్లారిన బాయిలర్లు నెమ్మదిగా వేడెక్కాలి."

"మాకంత వేడి అక్కర్లేదు."

గీత.

"సముద్ర ప్రయాణానికి ఇన్సూరెన్స్..."

"మేము వచ్చేవాళ్ళం అందరం ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళమే."

ఆ గీత గీసేటప్పుడు ఆవిడ నవ్వింది. నిజానికి మొదటి గీత నుంచీ నవ్వుతూనే ఉంది, గీత గీతకూ ఆ నవ్వు వెడల్పవుతోంది. తెనాలిలో అయితే నేను ఎప్పుడో లేచి వీధిలోకి వచ్చేసేవాణ్ణి. ఇక్కడ మాత్రం నా మాట తీరుకు ముచ్చటపడుతోంది కాబోలు అనుకున్నాను. ఆఖర్న కొసరు కింద కుర్చీలు అడిగాను. ఇచ్చింది. మైకు అడిగాను. ఇచ్చింది. అడ్వాన్సు కట్టి, చేతులు కలిపాము.

"చాలా సంతోషం. కట్టేసిన ఓడ మీద పార్టీలంటే మాకూ తేలిక," అంది.

"కట్టేసిన ఓడా?"

"టగ్గులు లేకుండా, పైలట్ లేకుండా, ఆవిరి లేకుండా, ఇన్సూరెన్స్ లేకుండా మీరు ఎక్కడిదాకా వెళ్దామనుకున్నారు?"

అవన్నీ మళ్ళీ చేరిస్తే ఎంతవుతుందని అడిగాను. చెప్పింది. నేను కొసరు కింద సంపాదించిన కుర్చీల్లో ఒకదాని మీద కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ దొండకాయలు తరుగుతోంది.

"కుదిరిందా?"

"కుదిరింది."

"కదులుతుందా?"

"ఇంజన్ ఉంది."

"ఇంజన్ సంగతి అడగలేదు."

"ఓడన్నాక కదలదా ఏమిటే!"

అబద్ధం ఒక్కటీ ఆడలేదు నేను. కొట్టు గల్లా దగ్గర కూర్చున్నవాళ్ళకు ఇది పుట్టుకతో వచ్చే విద్య.

అప్పుడే నిజం చెప్పి, నోరు మూసుకుని డబ్బు కట్టి ఉంటే సరిపోయేది. నేను ఇంకా చవక దారి వెతకబోయాను. ఆ వెతుకులాటలోనే ఓడ చీఫ్ ఇంజనీర్ దొరికాడు. ఒకప్పుడు రిఫైనరీలో పనిచేసిన మనిషి. చెవి వినపడదు కాబట్టి అరుస్తాడు, ఎదుటివాళ్ళు కూడా అరవాలంటాడు. ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకెళ్ళి ఆయనతో అరుచుకుంటూ కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. ఏటా మొదటి ప్రయాణానికి ముందు, ఓడను గట్టుకు కట్టి ఉంచి, అక్కడే బాయిలర్లు వెలిగించి ఇంజన్ తిప్పి చూస్తారట. ఏవైనా కారుతున్నాయా, ఏవైనా వేడెక్కుతున్నాయా అని.

"అప్పుడు ఓడ కదులుతుందా?" అని అరిచాను.

"కట్టి ఉంటుంది!"

"అస్సలు కదలదా?"

"తాళ్ళలో వదులున్నంత వరకు ముందుకూ వెనక్కూ జరుగుతుంది!"

"ఎంత?"

ఆయన రెండు చేతులూ చాచి చూపించాడు. సుమారు ఒక పీట పొడవు. కదలడమంటే కదలడమేగా, ఎంత దూరమని మా ఆవిడ చెప్పలేదు. ఆ పరీక్షను నా ముహూర్తం రోజుకు జరపమని అడిగాను. ఆయన ఒప్పుకున్నాడు. బదులుగా అప్పటిదాకా ప్రతి శనివారం వచ్చి ఇంజన్ గదిలో పని చేయాలన్నాడు.

"శనివారం మార్చి శనివారం వస్తే?"

"ప్రతి శనివారం!"

"సగం పూట?"

ఆయనకు చెవి వినపడదని చెప్పాను కదా. నూనెగుడ్డ ఒకటి నా ముఖాన విసిరాడు.

ఓడ పనిచేయడమంటే ఏమిటో నాకు ఆ శనివారాల్లో తెలిసింది. ఇంజన్ గది మూడంతస్తుల లోతు. మధ్యలో ఇంజన్, మూడు పెద్ద సిలిండర్లు, వాటి కింద మనిషి నడుమంత లావు కడ్డీలు. ఒక సిలిండర్లో వాడిన ఆవిరిని పారేయరు, రెండో దానికి పంపుతారు. అక్కడ వాడాక మూడో దానికి. అదీ అయ్యాక చల్లార్చి నీళ్ళు చేసి మళ్ళీ బాయిలర్‌కు. ఒక్క చుక్క వృథా కాదు. ఆ సంగతి విన్నప్పుడు నాకు ఆ యంత్రం మీద సొంత బంధువు మీద పుట్టినంత అభిమానం పుట్టింది. దానికి నూనె పోయడం మాత్రం మనుషులే పోయాలి. తిరిగే కడ్డీ పైకి వచ్చి దిగేలోగా చెయ్యి చాచి, నూనె పోసి, కీలు వేడెక్కిందేమో ముట్టి చూసి, చెయ్యి వెనక్కి తీసుకోవాలి. నన్ను అక్కడికి రానివ్వలేదు. ఓడ అడుగున చేరే నల్లటి నూనె నీళ్ళు బక్కెట్లతో తోడే పని ఇచ్చారు. ఎమ్మెస్ చేశానని చెప్పుకున్నాను. రెండో బక్కెట్టు ఇచ్చారు.

మొదటి శనివారం మా ఆవిడ క్యారియర్ తెచ్చింది. పులిహోర, పెరుగన్నం, మిరపకాయ బజ్జీలు. ముసలాళ్ళు బజ్జీలు తిని కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మళ్ళీ అడిగారు. రెండో శనివారం ఆమె ఇంటికి తిరిగి వెళ్ళలేదు. డెక్ మీద పనిచేసేవాళ్ళు చేతి తొడుగులు ఇచ్చారట, తాళ్ళు చుట్టడం నేర్పిస్తున్నారట. ఓడను గట్టు మీది గుంజలకు కట్టే ఆ మోకులు నా తొడ లావున ఉంటాయి. మూడో శనివారం నుంచి నాకన్నా ముందు ఆమే లేచి కారు తీసేది. దారి పొడుగునా మోకులు లాగే విన్చ్ అంటే ఇలా, ముడి అంటే అలా అని చెప్పేది. ఓడ కదులుతుందా అని మాత్రం ఇంక అడగలేదు. మాయలో పడింది కాబోలని నేను లోపల్లోపల చంకలు గుద్దుకున్నాను.

ముహూర్తం రోజు వచ్చింది. గుడి నుంచి పంతులుగారు వచ్చారు. శాన్ రామన్, ఫ్రీమాంట్ స్నేహితులు కుటుంబాలతో దిగారు. అరోరాలో ఉంటున్న మా అమ్మాయి వచ్చింది. సన్నాయి వాళ్ళకు మాత్రం అడిగినంతా ఇచ్చాను. ఆఖరి అతిథి వెళ్ళేదాకా వాయించమని చెప్పాను. ఆ మాట మా ఆవిడ చెవిలో వేసి, మెచ్చుకుంటుందేమోనని ఆగాను.

"సన్నాయిలో బేరం ఆడలేదా?" అంది. "అయితే ఇంకెక్కడో ఆడి ఉంటారు."

నేను పంతులుగారి వైపు తిరిగాను. ఆయన అప్పటికే కంగారుగా ఉన్నారు. డెక్ మీద నిప్పు రాజేయకూడదన్నారట.

"అగ్ని లేకుండా ఎలాగండీ? ఎవరి సాక్షిగా చేయించమంటారు?"

చీఫ్‌కు సంగతి అరిచి చెప్పాను. "నిప్పేనా? కింద కావలసినంత ఉంది!" అన్నాడు.

పట్టు పంచెల్లో నేనూ పంతులుగారూ, పట్టుచీరలో మా ఆవిడా, ముగ్గురం నెత్తిన హెల్మెట్లతో నిచ్చెనలు దిగాము. పంతులుగారి పిలక హెల్మెట్ వెనక నుంచి బయటికి వచ్చి ఊగుతోంది. బాయిలర్ ముందు నిలబడగానే చెమటకు నా బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది. చీఫ్ చిన్న కిటికీ మూత తీశాడు. అద్దం వెనక నారింజ రంగు మంట గర్జిస్తోంది.

పంతులుగారు రెండు చేతులూ జోడించారు. "ఇంత అగ్నిహోత్రం నా సర్వీసులో చూడలేదండీ!" అని, నడుముకు దోపుకున్న నేతి సీసా తీశారు.

"నో!" అన్నాడు చీఫ్.

"ఒక్క స్పూను సార్."

"నో!"

"అర స్పూను?"

ఆ క్షణంలో నాకు పంతులుగారి మీద ఎనలేని గౌరవం కలిగింది. చీఫ్ ఒప్పుకోలేదు. చివరికి నెయ్యి మనసులోనే వేసుకున్నాము. మంత్రాలు మంట హోరులో ఎవరికీ వినపడలేదు. పైకి వచ్చి మళ్ళీ తాళి కట్టాను. ఈసారి తలంబ్రాలు పోసుకుంటుంటే సన్నాయి ఓడంతా మోగింది. రేవులో సముద్రపు పక్షులు లేచిపోయాయి. మా ఆవిడ పెద్ద గుప్పిళ్ళతో పోసింది. ఆమె ముఖం చూసి, ఇంక ఆ ఒక్క పీట పొడవూ కదిలితే చాలని అనుకున్నాను.

పైనుంచి ఇంజన్ గదికి ఆజ్ఞ పంపే ఇత్తడి గంట మోగింది. అప్పటికే మా ఆవిడను నీళ్ళ వైపు రెయిలింగు దగ్గర నిలబెట్టాను, గట్టు వైపు తాళ్ళు కనపడకుండా. కాళ్ళ కింద డెక్ వణికింది. వెనక నీళ్ళు నురగలయ్యాయి. ఎక్కడో మోకులు మూలిగాయి. ఓడ ఒళ్ళు విరుచుకున్నట్టు కొద్దిగా ముందుకు జరిగింది.

"నాన్నా! ఇట్స్ మూవింగ్! కదుల్తుంది!" అని మా అమ్మాయి అరిచింది. అందరూ చప్పట్లు కొట్టి ఫోన్లు ఎత్తారు. ఎవరో "హ్యాపీ జర్నీ అంకుల్!" అన్నారు.

మా ఆవిడ నీళ్ళ వైపు కాసేపు చూసింది. ఓడ వెనక్కి జరిగింది. మళ్ళీ ముందుకు. ఆమె కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని డెక్ దాటి గట్టు వైపు వెళ్ళింది. నేను వెనకే పరిగెత్తాను.

"ఏమండీ, తాళ్ళు విప్పలేదు."

"సేఫ్టీ కోసమే."

"ఎవరి సేఫ్టీ? మీదా?"

ఏదో చెప్పబోయాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"చెప్పకండి. నాకు రెండో శనివారమే తెలిసింది. ఏయే ఖర్చులు కొట్టేయించారో ఓడంతా చెప్పుకుని నవ్వుతున్నారు. ఆ ట్రెజరర్ ఆవిడైతే అచ్చం మీలాగే చేసి చూపించింది."

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"మీరే చెబుతారేమో, చూద్దామని. ఇన్ని శనివారాలు పక్కన కూర్చుని కారు నడిపాను. ఒక్కరోజైనా చెబుతారనుకున్నాను."

అరవయ్యేళ్ళలో మొదటిసారి ఎదుటివాళ్ళు చెప్పిన ధరకు తగ్గించమనకుండా తల ఊపాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. కొంగుతో నా ముక్కు మీది బొట్టు తుడిచింది.

"మీ పెళ్ళి బాగా జరిగింది. వచ్చినవాళ్ళకు భోజనాలు పెడదాం పదండి. నా ఓడ సంగతి నేను చూసుకుంటాను."

చూసుకుంది. సీజన్లో మొదటి ప్రయాణానికి డెక్ పనివాళ్ళలో ఆమె పేరు ఉంది. పనిచేసేవాళ్ళకు టిక్కెట్టు అక్కర్లేదు. నేనూ పనిచేశానుగా, బక్కెట్లన్నీ మోశానుగా అని చీఫ్ దగ్గరికి వెళ్ళాను. "నీ శనివారాలు నీ పెళ్ళికి చెల్లు!" అని అరిచాడు. ఇంక టిక్కెట్ల కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. లోపల మెడలో పెన్నుతో ట్రెజరర్ ఆవిడే ఉంది.

"సీనియర్ డిస్కౌంట్?" అన్నాను. అడక్కుండా ఉండడం నా చేతిలో లేదు.

"మా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ సీనియర్లే. డిస్కౌంట్ ఇస్తే ఆయిలు ఎవరు పోస్తారు?"

రెండు వందల డాలర్లు కట్టాను.

ప్రయాణికుల బెంచీ మీద కూర్చుని చూస్తుంటే, నేను కొట్టేయించినవన్నీ ఒక్కొక్కటే ప్రాణంతో వచ్చాయి. టగ్ బోట్లు వచ్చి ఓడ పక్కన నిలబడ్డాయి. పైలట్ చేతిసంచీతో నిచ్చెన ఎక్కాడు. పొగగొట్టం నుంచి మూడు రోజుల ఆయిలు సన్నగా పైకి పోతోంది. ఓడ వెనక కొసన నీలం రంగు పనిబట్టలు వేసుకుని, జుట్టు ముడి మీద హెల్మెట్ పెట్టుకుని, మా ఆవిడ నిలబడి ఉంది. గట్టు మీది మనిషి గుంజ నుంచి ఆఖరి మోకును తప్పించాడు. అది దభీమని నీళ్ళలో పడింది. ఆవిరి విన్చ్ బుసకొడుతూ దాన్ని లాగుతుంటే ఆమె, ఇంకో నలుగురూ తడి మోకును చుట్టలు చుట్టారు. ఓడకూ గట్టుకూ మధ్య చెయ్యంత నీరు కనపడింది. తర్వాత వీధంత నీరు. ఆమె పని ఆపి ఆ నీటి వైపు, వెనక్కి పోతున్న గట్టు వైపు చూసింది. నా వైపు చూడలేదు. నన్ను చూడాల్సిన సమయం కాదది. నాకు కూడా అర్థమైంది.

బ్రిడ్జి దాటాక సముద్రం ఓడను ఎత్తి దించడం మొదలుపెట్టింది. నేను రెయిలింగు పట్టుకుని పొద్దున తిన్న ఇడ్లీలు సముద్రానికి ఇచ్చేశాను. తల ఎత్తేసరికి గ్రీజు చేతి తొడుగులోంచి ఒక అల్లం ముక్క నా ముందుకు వచ్చింది.

"నమలండి. నేను డ్యూటీలో ఉన్నాను," అని ముందు కొసకు నడిచి వెళ్ళిపోయింది. ఓడ ఊగుతున్నా ఆమె ఎక్కడా చెయ్యి ఆనించలేదు.

ఇక లెక్క. ఒక పూటకు ఓడ అద్దె, నాలుగో వంతుకే అయినా, మూడు వేల పైచిలుకు. సన్నాయికి అడిగినంతా. నూనె మరకలు పోని పంతులుగారి పంచెకు కొత్తది. బక్కెట్ల పుణ్యాన పట్టేసిన నడుముకు డాక్టర్ ఫీజు, ఇన్సూరెన్స్ ఇచ్చింది పోగా. శనివారాలన్నిటికీ పార్కింగు. బజ్జీల శనగపిండి లెక్కలోకి తీసుకోను, అది ఆమె ఖాతా. చివర్న నా టిక్కెట్టు, పూర్తి ధరకు. మొదటి రోజే కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు మామూలు టిక్కెట్లు కొని ఉంటే, ఆమె అడిగినది అడిగినట్టు నాలుగు వందల డాలర్లలో అయిపోయేది. నేను దానికి పది రెట్లు దాటించి, కదలని ఓడ సంపాదించాను. ఆమె టిక్కెట్టును ఆమె మోకులు లాగి సంపాదించుకుంది. నిజాయితీగా కూడితే, మా ఆవిడ సముద్ర ప్రయాణానికి నేను పెట్టిన ఖర్చు సున్నా.